ఉద్యోగుల గుమ్మం

పదకొండూ ఇరవై అయింది, లోపలికి వచ్చింది ముప్పై ఒక్కరు. పలోమా గ్రాండ్ హోటల్ వెనక, ఉద్యోగుల గుమ్మం పక్కనున్న అద్దాల గదిలో నిలబడి ఒడెస్సా గేన్స్ తెర మీది అంకెను మళ్ళీ చూసింది. ముప్పై ఒక్కటే. పన్నెండింటి షిఫ్టుకు కాసినో టేబుళ్ళ దగ్గర నిలబడి జూదం ఆడించాల్సిన డీలర్లు రెండొందల నలభై మంది, మిగిలినవాళ్ళంతా తెల్లచొక్కాలు, మెడకు నల్ల బో, సరుకు లారీలు ఆగే అరుగు దాటి కార్లు ఆపే చోటు దాకా వరస కట్టి ఉన్నారు. అదీ లాస్ వేగస్‌లో, జులై ఎండలో, చొక్కాలు వీపులకు అతుక్కుపోతుంటే. పొద్దున ఆరింటికి గదులు సర్దే ఆడవాళ్ళు ఎనిమిది వందలమంది ఇదే గుమ్మంలోంచి నీళ్ళు పారినట్టు వెళ్ళారే! ఏడింటికి వంటవాళ్ళు, ఎనిమిదింటికి తోటవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, ఒక్కరి దగ్గరైనా ఆగిందా ఈ చెయ్యి కొలిచే మెషిను? మరి వీళ్ళకేమొచ్చింది? చేతివేళ్ళతో బతికేవాళ్ళు, కళ్ళు మూసుకుని కూడా పేకముక్కను గీత తప్పకుండా పడెయ్యగలిగినవాళ్ళు, ఒక పలక మీద అరచెయ్యి ఆనించి రెండంకెలు లెక్కపెట్టేంత సేపు ఉంచలేకపోవడమేమిటి, వింత కాకపోతే! గదిలో ఏసీ పనిచేస్తూనే ఉంది, అయినా ఆమెకు మెడ వెనక చెమట పట్టింది.

ఆ పలకలు ఆమెవి. హోటల్‌వే అనుకో, కానీ ఆమెవి. హాజరు కార్డులతో ఒకడొచ్చి నలుగురి తరఫున గీకేసి పోతున్నాడనీ, పోయిన చలికాలం ఎవడో వెయిటర్ కోటు దొంగిలించి తొడుక్కుని పన్నెండో అంతస్తు దాకా వెళ్ళిపోయాడనీ, కార్డు మార్చుకోవచ్చు కోటు మార్చుకోవచ్చు కానీ చెయ్యి మార్చుకోలేరనీ, ఆర్నెల్లు పై అంతస్తులో సూట్లవాళ్ళ చుట్టూ తిరిగి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టాక ఒప్పుకున్నారు. తర్వాత ఆరు వారాలు తన బ్యాడ్జీల గదిలో మూడువేల తొమ్మిది వందల చేతులు మెషినుకు పట్టించింది. ప్రతి చెయ్యీ మూడుసార్లు. వేళ్ళ పొడుగు, మందం, మెటికల వెడల్పు, అన్నీ మెషిను కొలుచుకుంటుంది, కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. దాంతోపాటు ఒడెస్సా కూడా గుర్తుపెట్టుకుంది, అదెవరికి తెలుసు? రొట్టెలు కాల్చేవాళ్ళ మణికట్టు మీద వరసగా వాతలు. గదులు సర్దేవాళ్ళకు చూపుడువేలు పక్కన కాయ, దుప్పటి అంచులు దోపీ దోపీ. గ్లాసులు కడిగేవాళ్ళ వేళ్ళు ఎప్పుడూ నానిన శనగల్లా ఉంటాయి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏ ఊరు తల్లీ మీది అని అడిగి, బ్యాడ్జీ మీద పేరు పెద్దక్షరాల్లో, కింద ఊరు చిన్నక్షరాల్లో అచ్చువేసి ఇచ్చింది. మనీలా, గ్వాదలహారా, అడిస్ అబాబా, ఓక్లహామాలో ఎక్కడో మూడిళ్ళున్న ఊరు. మనుషులు ఆ బ్యాడ్జీ చూసుకుని నవ్వుతారు, ఎంత పెద్దవాళ్ళయినా సరే. ఆ నవ్వు చూడ్డానికే ఈ ఉద్యోగం చెయ్యొచ్చు అనిపిస్తుంది ఆమెకు.

అద్దం అవతల మళ్ళీ ఎర్రదీపం. మళ్ళీ. చూడు, చూడు, ఆ అమ్మాయి నంబరు నొక్కింది, చెయ్యి సరిగ్గానే బోర్లా పెట్టింది, వేళ్ళు పలక మీది మేకులకు ఆనించింది, అంతా బాగానే ఉంది, ఇంకొక్క క్షణం ఉంచితే పచ్చదీపం వెలుగుతుంది, ఉంచు తల్లీ ఉంచు... అదిగో, తీసేసింది! రెండు చేతులూ ఎత్తి మెత్తగా ఒకసారి తట్టి, అరచేతులు పైకి తిప్పి చూపించి, మళ్ళీ బోర్లించింది. పేకటేబుల్ వదిలి వెళ్ళేటప్పుడు ప్రతి డీలరూ చేసే పనే అది. వేళ్ళ సందున డబ్బు బదులు వాడే చిప్ ఏదీ దాచలేదని పైన కెమెరాకు చేతులు చూపించడం. టేబుల్ మీద చెయ్యిపెట్టి తీశావంటే చూపించాల్సిందే, ముక్కు గోక్కోవాలన్నా ముందు చూపించాల్సిందే, ఒక్కసారి మర్చిపోతే టేబుళ్ళ మీద పెత్తనం చేసే పిట్ బాస్ పిలుస్తాడు, మూడోసారికి ఇంటికి పంపిస్తాడు. కానీ ఇది టేబుల్ కాదే! గుమ్మం! ఇక్కడ ఎవరికి చూపించడానికమ్మా? ఆ అమ్మాయి తన చేతుల వంక తనే వెర్రిగా చూసుకుని మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసి తట్టి తిప్పింది. మూడు ఎర్రదీపాలు. మూడైతే ఆ నంబరు బిగుసుకుపోతుంది, ఒడెస్సా తన రహస్య అంకెలు కొట్టి విడిపిస్తే తప్ప కదలదు. కొట్టింది. ఇది ఎన్నోసారో గుర్తులేదు.

"అక్కా, నేను మణికట్టు పట్టుకుని అదిమి పెడుతున్నా, అలాగైతే తీసుకుంటోంది," తలుపు సందులోంచి తల పెట్టి చెప్పింది మారివిక్ దుమ్లావ్. బ్యాడ్జీల గదిలో ఒడెస్సా కింద పనిచేసే నలుగురిలో చిన్నది, నర్సు చదువు సగంలో మానేసి వచ్చింది, మనుషుల్ని పట్టుకోవడం తెలుసు. "కానీ ఆ మూడో మెషిను దగ్గరాయన కసిరాడు, నా చెయ్యి ముట్టుకుంటావా అని."

"కసరడూ మరి! డీలరు చెయ్యి ఎవరూ ముట్టుకోకూడదు. అదొక నియమం."

"ఇక్కడ కూడానా?"

"ఇంట్లో పెళ్ళాం కూడా అడిగి ముట్టుకోవాల్సిందే," అంది ఒడెస్సా. మారివిక్ నవ్వి పరుగెత్తింది. నవ్వింది కానీ కళ్ళలో భయం కనిపిస్తూనే ఉంది, ఆ పిల్లకీ తెలుసు పన్నెండైతే ఏమవుతుందో. ఐదుగురు ఆడవాళ్ళ ఉద్యోగాలు ఆ గోడ గడియారం ముల్లు మీద ఉన్నాయి, పదకొండూ ఇరవై ఆరు.

నిన్న సాయంత్రమే చెప్పాడు లిండ్‌క్విస్ట్. సెక్యూరిటీ మొత్తానికీ పెద్ద, మార్మన్ల మతం మనిషి, కాఫీ తాగడు, తిట్టడు, గొంతు పెంచడు, చెప్పింది చేస్తాడు. పన్నెండు కొట్టేసరికి షిఫ్టులో ఒక్కరు బయట మిగిలినా మెషిన్లు ఊడదీయిస్తాను మిసెస్ గేన్స్, బ్యాడ్జీల పని బయటి కంపెనీకి ఇచ్చేస్తాం, పైవాళ్ళు ఆ కాగితాలు సిద్ధంగా పెట్టుకున్నారు. సరే అంది. సరే అని తలెత్తుకునే అంది. మూడువేల తొమ్మిది వందల చేతులూ నావి, ఎవరూ మిగలరు అంది. అంత మాట అనకుండా ఉండాల్సిందేమో. ఊహూ, అనాల్సిందే, ఎందుకనకూడదు, నిజమేగా? పాతికేళ్ళు ఈ హోటల్లో, పదిహేడేళ్ళు ఇరవై ఒకటి అనే పేకాట టేబుల్ వెనక, మెటికలు వాచి ముక్కలు పంచడం కష్టమయ్యాక ఎనిమిదేళ్ళు బ్యాడ్జీలు, ఇన్నేళ్ళలో ఆమె అన్నమాట ఒక్కటి తప్పితే చెప్పమను ఎవర్నైనా.

ఆ గుమ్మం చూడ్డానికి ఎంత బాగుందో! నాలుగు మెషిన్లు, వాటి కింద అరుగులాంటి బల్ల, బల్ల మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ, టేబుళ్ళ మీద పరిచేదే, కొత్తగా గుడ్డ మార్చినప్పుడు మిగిలిన ముక్కలు, పారేస్తుంటే ఒడెస్సా దాపించింది. హోటల్ వడ్రంగి హెరిబెర్తో బుర్ర గోక్కున్నాడు, ఇక్కడెందుకమ్మా ఇంత ఖరీదైన గుడ్డ, రేపు వంటవాళ్ళు చేతులు తుడిచేస్తారు అని. తుడవనీ. ముందువైపు చలవరాయి, వేలాడే దీపాలు, వెనకవైపు మాత్రం సున్నం రాలే గోడా? పనిచేసేవాళ్ళు వచ్చే దారి అని నీరసంగా ఉండాలా? అద్దంలా మెరిసే పలకలు, అంచులు చక్కగా మడిచిన పచ్చగుడ్డ, నెత్తిమీద కెమెరా పెట్టిన నల్లగాజు గుండ్రటి డోము కూడా కొత్తదే. పొద్దున మొట్టమొదట వచ్చిన గదులమ్మాయి ఆ గుడ్డను వేళ్ళతో నిమిరి "అబ్బో" అంది. ఆ అబ్బో చాలు, ఆరు వారాల అలసట పోయింది.

అమ్మ ఏ గుమ్మంలోంచి వెళ్ళేదో ఒడెస్సాకు ఇప్పటికీ వాసనతో సహా గుర్తు. లూవెనియా గేన్స్, లూయిజియానా పత్తిచేల నుంచి బస్సెక్కి వచ్చి, ఇప్పుడు కూలగొట్టేసిన ఒక హోటల్లో పక్కలు మార్చే పనికి కుదిరింది. నల్లవాళ్ళు ముందు తలుపు దగ్గర నిలబడ్డానికి కూడా లేని రోజులు. పాడేవాళ్ళు, ఊరంతా వెర్రెక్కి చప్పట్లు కొట్టే పాటగాళ్ళే ఆట అయ్యాక వెనక నుంచి వెళ్ళి ఊరి పడమటి వైపు నల్లవాళ్ళ పేటలో పడుకునేవాళ్ళు, ఇక పక్కలు మార్చేదెవరు? వంటగది వెనక చెత్త పీపాల మధ్యన సందు, ఈగలు, అక్కడొకడు కుర్చీ వేసుకుని కూర్చుని ఇత్తడి బిళ్ళలు ఇచ్చేవాడు, బిళ్ళ మీద అంకె. అమ్మ అంకె నూట పన్నెండు. పేరు ఎవరికీ అక్కర్లేదు. శనివారాలు తొమ్మిదేళ్ళ ఒడెస్సా ఆ సందు చివర నిలబడి ఎదురుచూసేది, లోపల్నించి కేక వినిపించేది, నూట పన్నెండూ, మూడో అంతస్తులో తువ్వాలు లెక్క తగ్గింది! ఎవరు తగ్గించారో అడగరు. అంకెను తిడతారు, అంకె జీతంలో కోస్తారు. మరి తువ్వాళ్ళు మడిచి పక్షుల్లా నిలబెట్టిందీ అమ్మే, ఊరు ఊరంతా ఆ హోటల్ పక్షుల గురించి చెప్పుకునేవాళ్ళు, ఆ పక్షులు చేసిందెవరని ఒక్కడూ అడగలేదు. అమ్మ మాత్రం నవ్వుతూ బయటికొచ్చేది. కోపంగా ఒడెస్సాయే ఉండేది, అమ్మ బదులు కూడా.

"మిసెస్ గేన్స్."

లిండ్‌క్విస్ట్ ఎప్పుడొచ్చాడో. చేతిలో అట్టకు బిగించిన కాగితాలు, చొక్కా మీద ఒక్క ముడత లేదు, ఎండలోంచి వచ్చినవాడిలా లేడు. అద్దంలోంచి వరసను చూస్తూ మెల్లిగా అన్నాడు, "వీళ్ళు కావాలని చేస్తున్నారు."

"ఎవరు సార్?"

"డీలర్లు. మీ గదిలో చెయ్యి పట్టించినప్పుడు ఒక్కరైనా ఇలా చేశారా?"

"లేదు."

"భోజనాల గదిలో ట్రే తీసుకునేటప్పుడు చేస్తారా? కారు తలుపు తీసేటప్పుడు?"

"చెయ్యరు."

"ఇక్కడే చేస్తున్నారు. అందరూ ఒక్కలాగే. అంటే మాట్లాడుకుని వచ్చారు. వాళ్ళకు ఈ మెషిన్లు ఇష్టంలేదు." ఆయన కలం తీశాడు. "పన్నెండింటికి బయట ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్చరిక కాగితం ఇస్తాను. నేనేం సరదాపడి చెయ్యను, మీకు తెలుసు."

"వాళ్ళు అలాంటివాళ్ళు కాదు సార్."

"అయితే మరేమిటో చెప్పండి, వింటాను," అన్నాడాయన, నిజంగానే వినేవాడిలా. ఒడెస్సా మళ్ళీ వరస వంక చూసింది. ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, తన మీద. ఇన్ని వేల చేతులు పట్టి చూసినదానికి రెండొందల చేతుల మనసు తెలియకపోతే ఇంకెందుకు? గడియారం పదకొండూ ముప్పై ఒకటి.

ఆమె బయటికొచ్చి రెండో మెషిను పక్కన నిలబడింది. వేడి గప్పున మొహానికి కొట్టింది. వరసలో ముందున్నది వెండెల్ ప్రూయిట్, పాచికల టేబుల్ మీద ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు, ఆమెతో పాటే అదే నెలలో చేరాడు, హోటళ్ళవాళ్ళు వివక్ష మానుతామని కోర్టులో సంతకం పెట్టాక నల్లవాళ్ళను టేబుళ్ళ వెనక నిలబడనిచ్చిన మొదటి ఏడాది. అరవై దాటినా వేళ్ళు పాతికేళ్ళవాడివి. నంబరు నొక్కాడు, చెయ్యి పెట్టాడు, తీశాడు, తట్టాడు, తిప్పాడు. మళ్ళీ. వెనక ఎవరో "ఏంటి మామా, మెషినుకి మొక్కుతున్నావా?" అన్నారు, నవ్వులు లేచాయి, ఎండలో విసుగెత్తిన నవ్వులు. మూడోసారి వెండెల్ ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని అదిమాడు, అంత అదిమినా అది ఎగిరొచ్చింది. బిగుసుకుపోయింది నంబరు.

"ఏమేవ్ ఒడెస్సా," అన్నాడతను చిన్నగా, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "నా చెయ్యి నా మాట వినడంలేదే."

"ముసలాడివయ్యావు, అంతే."

"అయ్యాన్లే. ముప్పైవేల షిఫ్టుల్లో... సరే ఆరువేలనుకో... ఒక్కసారి ఆలస్యంగా ఎక్కలేదు నేను. ఇవాళ కాగితం ఇస్తారట కదా, దొంగపని చేస్తున్నామని. అవునా?" నవ్వు ఆగిపోయింది. ఒడెస్సా లోపల చివుక్కుమంది. కాదు, కోత కోసినట్టయింది. ఈ చేతులు కావాలని చేస్తున్నాయా? ఆయనకేం తెలుసు! పాతికేళ్ళ కిందట డీలరు పని నేర్పే బడిలో రోజుకు ఆరు గంటలు వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి తట్టి తిప్పి తట్టి తిప్పి, నల్లవాళ్ళు కదా వేళ్ళ సందున ఏదో దాస్తారని ప్రతివాడి కన్నూ తమ చేతుల మీదే ఉంటుందని తెలిసి, అందరికంటే రెండింతలు శుభ్రంగా, అందరికంటే స్పష్టంగా చూపించాలని పంతం పట్టి నేర్చుకున్న పద్ధతి అది. ఇవిగో చూస్కో, ఏమీ లేదు, ఇంకా చూస్కో. వెండెల్ చూపించినంత అందంగా ఎవరూ చూపించలేరు, పైన కెమెరాల గదిలోవాళ్ళు కూడా చెప్పుకుంటారు. అది తప్పా ఇప్పుడు? చెయ్యి తన చదువు తను మర్చిపోలేకపోవడం తప్పా?

ఆమె వెనక్కి లోపలికొచ్చి అతని నంబరు విడిపించడానికి అంకెలు కొడుతూ ఆలోచించింది, కానీ ఆలోచన ఆమె చెప్పినట్టు పోవడం లేదు. డీలరుగా తన మొదటిరోజుకు పోయింది. నల్ల ప్యాంటు, తెల్లచొక్కా ఇస్త్రీ పెట్టింది అమ్మే, అమ్మకు ఇస్త్రీ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం మూడింటికి టేబుల్ దగ్గర నిలబడి తల ఎత్తితే, తాడు అవతల అమ్మ. ఆదివారం టోపీ, చేతులకు తెల్ల తొడుగులు, ఎవరితో మాట్లాడకుండా నిటారుగా నిలుచుంది. అమ్మ కాసినోలోకి ముందు తలుపులోంచి రావడం అదే మొదటిసారి. పిట్ బాస్ దగ్గరికెళ్ళి ఏం కావాలమ్మా అని అడిగితే "ఏం వద్దు బాబూ, చూడ్డానికొచ్చా," అంది. గంటసేపు చూసింది. ఒడెస్సా ముక్కలు పంచినంతసేపూ చూసింది, విరామానికి వెళ్తూ చేతులు తట్టి తిప్పి చూపించినప్పుడు ఆ చేతుల్నీ చూసింది. ఇంటికెళ్ళాక, "పైనున్నవాడికి చేతులు చూపించావు చూడు, అది బాగుంది," అంది. పైన కెమెరా గురించి కాదు అమ్మ అన్నది. ఒడెస్సా అప్పుడు నవ్వింది, నవ్వుతూనే ఉంది అనుకో, ఎందుకంటే ఆ తర్వాత అది చర్చిలో కూడా మొదలైంది. కానుకల పళ్ళెం ముందుకొచ్చినప్పుడు నోటు వేసి చెయ్యి తీసి, తట్టి, తిప్పి చూపించేసింది! పళ్ళెం పట్టుకున్న పెద్దమనిషి నోరు తెరిచాడు. పాస్టరు వేదిక మీంచే "సిస్టర్ గేన్స్, ప్రభువు నిన్ను నమ్ముతున్నాడమ్మా" అన్నాడు, చర్చి మొత్తం పడీపడీ నవ్వింది, అమ్మ టోపీ ఊగేలా నవ్వింది. ఎన్ని ఆదివారాలు ప్రయత్నించినా మానలేకపోయింది. వంటింట్లో ఎప్పుడూ చెయ్యలేదు, చూడు, బజార్లో చెయ్యలేదు, చర్చి పళ్ళెం దగ్గరే.

ఇంకొకసారి కూడా. దానికి ఎవరూ నవ్వలేదు. అమ్మను మట్టిలోకి దింపిన రోజు. నాలుగేళ్ళయింది, అక్టోబరు, గాలి. గోతి చుట్టూ ఎర్రమట్టి కనపడకుండా అంత్యక్రియలవాళ్ళు అంచుల దాకా ఏదో పరిచేశారు. ఒడెస్సా వంగి గుప్పెడు మట్టి వేసింది, లేచింది, రెండు చేతులూ మెత్తగా తట్టి, అరచేతులు ఆకాశానికి తిప్పి చూపించి, బోర్లించింది. తనకే తెలియలేదు. పక్కన వెండెల్ ఉన్నాడు, అతను చూశాడు, తల వంచుకున్నాడు. ఇవిగో అమ్మా, ఏమీ మిగుల్చుకోలేదు, నీకివ్వాల్సింది ఏదీ దాచుకోలేదు. అలా అనుకుందా అప్పుడు? కాదు, అది తర్వాత రాత్రి పడుకుని అనుకున్న మాట. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు. చేతులే చేసుకున్నాయి. వంగినప్పుడు ఏం కనిపించిందంటే, గోతి అంచున ఆ పరిచిన ప్లాస్టిక్ గడ్డి, ఆకుపచ్చగా, చదునుగా, మడతపెట్టిన అంచుతో. ఆకుపచ్చ. చర్చి పళ్ళెం అడుగున అతికించిన మఖమలు ఏ రంగు? డబ్బు చప్పుడు కాకుండా అతికిస్తారు చూడు, అది...

ఒడెస్సా చెయ్యి మీటల మీద ఆగిపోయింది. అద్దంలోంచి బల్ల వైపు చూసింది. అంచులు చక్కగా మడిచిన పచ్చటి ఉన్నిగుడ్డ. దాని పైన నల్లగాజు డోము. కళ్ళ కింద పచ్చగుడ్డ, నెత్తిమీద కెమెరా, వాళ్ళు నిలబడ్డది గుమ్మం దగ్గర కాదు, వాళ్ళు నిలబడ్డది టేబుల్ దగ్గర. టేబుల్ మీద చెయ్యిపెట్టి తీస్తే చూపించాలి. గదులు సర్దేవాళ్ళకు అది ఉత్త గుడ్డ, వంటవాళ్ళకు ఉత్త గుడ్డ. ఓరి దేవుడో! అది పరిపించిందెవరు? వద్దన్న వడ్రంగిని ఒప్పించి పరిపించిందెవరు? ఈ ఊళ్ళో ఇంకెవరైనా చేస్తారా ఈ పని, పదిహేడేళ్ళు పచ్చగుడ్డ వెనక నిలబడి, లోకంలో దానికంటే గొప్ప అలంకారం ఇంకోటి లేదనుకునే మనిషి తప్ప? తల కొట్టేసినట్టయింది ఆమెకు. మరుక్షణం నవ్వొచ్చింది. ఆ రెండూ ఒకేసారి వచ్చాయి, దేన్ని ముందు బయటికి పంపాలో తెలియలేదు.

"మారివిక్! అట్టపెట్టెలు కోసే చాకు తే!"

"అక్కా, ఎవర్ని పొడవడానికి?"

"నన్నే. తే ముందు!"

వెండెల్‌ను భుజం పట్టి పక్కకు జరిపి, గుడ్డ అంచు కింద చాకు దోపి లాగింది. హెరిబెర్తో మంచి పనివాడు, ఆ జిగురు ఊరికే వదల్లేదు. గోళ్ళు విరిగాయి, వాచిన మెటికలు మంటెత్తాయి, పరపరమని చిరిగింది. చిరుగుతుంటే అయ్యో అనిపించింది, ఎంత అందంగా ఉండిందో నా గుమ్మం, అనిపించిన కొద్దీ గట్టిగా లాగింది. వరసంతా నోరు తెరుచుకుని చూస్తోంది. లోపల్నించి లిండ్‌క్విస్ట్ బయటికొచ్చాడు, "మిసెస్ గేన్స్, మీరేం చేస్తున్నారు?" అన్నాడు, మొదటిసారి గొంతు కాస్త లేచింది. ఆమె రెండో అంచు కింద చాకు దోపింది. కింద చెక్క బయటపడింది, జిగురు మరకలతో, బల్లకు చర్మం వొలిచినట్టు, అసహ్యంగా. రెండో బల్ల గుడ్డ మారివిక్ లాగింది. మూడోది వరసలోంచి ఇద్దరు డీలర్లు వచ్చి లాగారు. నాలుగోదాన్ని ఎవరు లాగారో ఒడెస్సా చూడలేదు, వెండెల్ వంకే చూస్తోంది.

"ఇప్పుడు పెట్టు."

"మళ్ళీ చేస్తుందేమోనే అది."

"పెట్టు నాయనా."

అతను నంబరు నొక్కాడు. పెట్టాడు. ఒకటి. రెండు. చెయ్యి అక్కడే ఉంది, ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకున్నట్టు ఊరికే, నింపాదిగా. పచ్చదీపం. తలుపు టక్కుమంది. వెండెల్ తలుపు వంకా తన చేతి వంకా చూసి, "ఓర్నీ!" అన్నాడు, అని లోపలికి నడిచాడు, నడుస్తూ వెనక్కి తిరిగి, "గుడ్డా? ఆ గుడ్డేనా?" అని అరిచాడు. వరసలో అప్పుడర్థమైంది అందరికీ. ఒక్కసారిగా నవ్వు లేచింది, ఈసారి విసుగు నవ్వు కాదు, తమను తాము దొరకబుచ్చుకున్న నవ్వు. పదకొండూ నలభై మూడు. తర్వాత పచ్చదీపాలే. నాలుగు మెషిన్ల మీద నాలుగు చేతులు, వెళ్ళండి వెళ్ళండి, పొడుగువేళ్ళ హనోయి అమ్మాయి, ఎడమ చిటికెన వేలు వంకరున్న టెక్సాస్ కుర్రాడు, ఉంగరం ఎప్పుడూ తియ్యలేని ముసలామె. అందరూ ఆమెకు తెలుసు, ప్రతి చెయ్యీ తెలుసు, అవి దాటుతుంటే ఆమె లోపల ఏదో పెరుగుతూ పోయింది. దానికి గర్వమనే పేరు పెట్టడానికి ఆమెకేం సిగ్గులేదు. ఎవరూ నేర్పలేదు వీళ్ళకు మోసం చెయ్యమని. మాట్లాడుకుని రాలేదు వీళ్ళు. నిజాయితీ ఎంత లోతుకు దిగిందంటే, చెయ్యి తియ్యాలో వద్దో మనిషిని అడగడం కూడా మానేసింది. అలాంటి రెండొందల నలభై మంది నా గుమ్మంలోంచి పోతున్నారు, చూడు. పదకొండూ యాభై ఆరుకు ఆఖరి మనిషి లోపలికెళ్ళాడు. తెర మీద రెండొందల నలభై. అరుగు దగ్గర ఎండ తప్ప ఎవరూ లేరు.

మారివిక్ గోడకు ఆనుకుని ఏడుస్తోంది, నవ్వుతూ. ఒడెస్సా గదిలోకొచ్చి కుర్చీలో కూలబడింది.  లిండ్‌క్విస్ట్ చిరిగిన గుడ్డముక్క ఒకటి రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు చూసి, బల్ల మీద పెట్టాడు.

"మాటంటే మాటే. మెషిన్లు ఉంటాయి, మీ గది ఉంటుంది," అన్నాడు. "డీలర్ల గురించి నేనన్నది తప్పు. అది వాళ్ళకు నేనే చెప్తాను."

"చెప్పండి. వెండెల్‌కు ముందు చెప్పండి."

"చెప్తాను." ఆయన అట్ట ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. సంఘటన నివేదిక, పైవాళ్ళకు వెళ్ళేది. గుమ్మం దగ్గర నలభై నిమిషాల ఆలస్యం, నంబరు బిగుసుకుపోయినవాళ్ళు ఇంతమంది, అన్నీ రాశాడు. ఒడెస్సా తలకిందులుగా చదువుతోంది, బ్యాడ్జీల గదిలో కూర్చున్నవాళ్ళకు అది అలవాటే. కారణం అన్నచోట ఆయన కలం ఒక్క క్షణం ఆగి, తర్వాత సాఫీగా సాగింది. వడ్రంగుల విభాగం అనుమతి లేకుండా బల్లలపై అనవసరమైన గుడ్డ అతికించుట వలన.

"అది కాదు సార్," అంది ఒడెస్సా.

ఆయన తల ఎత్తలేదు. "మిసెస్ గేన్స్, మీ పాతికేళ్ళ ఫైల్లో ఒక్క మచ్చ లేదు. వడ్రంగులను ఎవరూ ఏమీ అనరు, అది పేరులేని విభాగం. పైన మీ గదిని మూసెయ్యాలని చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ చేతికి మీరే ఎందుకు అందిస్తారు?"

మంచికే చెప్తున్నాడు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, నిజంగా మంచికే. ఊరుకుంటే అయిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. పేరులేని విభాగానికి పోతుంది తిట్టు, అక్కడ ఎవరో ఒకరి జీతంలో నాలుగు గంటలు తెగుతాయి, ఎవరిదో ఎవరికీ తెలియదు. వాళ్ళు కూడా అమ్మలాగే నవ్వుతూ ఇంటికి పోతారేమో, ఎవరు చూడొచ్చారు? ఒడెస్సా ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"కొట్టెయ్యండి," అంది. "ఆ గుడ్డ పెట్టించింది నేను. హెరిబెర్తో వద్దన్నాడు, వినలేదు. అందంగా ఉంటుందనుకున్నాను."

"ఇది పైకి వెళ్తుంది."

"వెళ్ళనీండి. రెండొందల నలభై మంది పన్నెండుకు ముందే లోపలికొచ్చారు, అది రాశారా?"

"రాశాను."

"దాని పక్కన ఎవరి పేరుంది?"

"మీదే."

"తప్పు పక్కన కూడా నా పేరే ఉండాలి సార్. రెండూ నేను చేసినవే."

లిండ్‌క్విస్ట్ అట్ట మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత వడ్రంగుల విభాగం మీద నిండుగా గీత కొట్టి, పైన రాయడం మొదలుపెట్టాడు. ఒడెస్సా గేన్స్. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఆయన చుక్క పెట్టి కలం మూసేవరకు ఒడెస్సా కళ్ళు తిప్పకుండా చూసింది.